ఒక్క ఓటు, సభాపతి పీఠం: కోనసీమ వైపు నుంచి ఒక పరిశీలన

పార్లమెంటును గురించి మన అభ్యుదయ సాహిత్యరంగంలో రెండు ధోరణులు చాలాకాలంగా పక్కపక్కనే సాగుతున్నాయి. అది వట్టి మాటల దుకాణమనీ, అక్కడ జరిగే దానికీ పల్లెలో కూలి రేటుకీ సంబంధం లేదనీ అనేది మొదటిది. అక్కడికి వెళ్లిన ప్రతి మనవాడినీ పూలదండలతో కొలిచి, విగ్రహం నిలబెట్టి, ఆ మనిషి అక్కడ చేసిన పని ఏమిటో అడగకుండా వదిలేసేది రెండవది. పైకి ఇవి బద్ధవిరోధులు. ఫలితంలో మాత్రం ఒకటే. సభ ఎలా నడుస్తుందో, ఓటు ఎలా లెక్కకు వస్తుందో, ఆ లెక్కను ప్రకటించే మనిషి చేతిలో ఎంత అధికారం ఉంటుందో తెలుసుకోవలసిన అవసరం ఈ రెండింటికీ కనిపించలేదు.

ఆ పనిని గురించే నేనిక్కడ రాయదలిచాను. ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. గౌతమి ఒడ్డున, ఐ.పోలవరం మండలం ఎదుర్లంకలో 1951 అక్టోబరు 1న పుట్టిన గంటి మోహనచంద్ర బాలయోగి అమలాపురం నియోజకవర్గం నుంచి ఎన్నికై, 1998 మార్చి 24 నుంచి 2002 మార్చి 3న మరణించేదాకా లోక్‌సభ స్పీకరుగా ఉన్నారు. ఆ పీఠం మీద కూర్చున్న మొదటి దళితుడాయన. ఎదుర్లంక - యానాం వంతెనకు ఆయన పేరుంది. హైదరాబాదు గచ్చిబౌలిలో క్రీడామైదానానికి ఆయన పేరుంది. ఢిల్లీలో పార్లమెంటు గ్రంథాలయ భవనంలోని సమావేశ మందిరానికీ ఆయన పేరే. ఇన్నిటికి పేరు పెట్టుకున్న మనం ఆ మనిషి నాలుగేళ్లపాటు రోజూ చేసిన పనిని విమర్శనాత్మకంగా చర్చించినట్టు నాకు కనబడదు.

1

ముందుగా ఆ సభ స్వభావాన్ని స్పష్టం చేసుకోవాలి. భారతదేశం అనేక భాషాజాతుల సమాహారమన్న అవగాహన మన ఉద్యమానికి కొత్తది కాదు. విశాలాంధ్ర నినాదానికి పునాది అదే. పుచ్చలపల్లి సుందరయ్య 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' రాసిన నాటి నుంచి అది మనకు పరిచితమే. బాలయోగి కాలపు లోక్‌సభలో 543 మంది ఎన్నికైన సభ్యులు, ఇద్దరు నామినేటెడ్ ఆంగ్లో ఇండియన్లు ఉండేవారు. గారో కొండల మనిషి, కోరాపుట్టు మనిషి, కాశ్మీరు లోయ మనిషి, కోనసీమ లంకల మనిషి ఒకే కప్పు కింద ఒకే ప్రశ్నకు ఔననో కాదనో చెప్పాలి. రాజ్యాంగం 120వ అధికరణం ప్రకారం అక్కడి వ్యవహారభాషలు హిందీ, ఇంగ్లీషు. ఆ రెండింటిలోనూ తన భావం సరిగా చెప్పుకోలేని సభ్యుడికి మాతృభాషలో మాట్లాడే అనుమతి ఇవ్వగలిగినవాడు సభాపతి. అంటే నోరు తెరవడానికి ముందే ఆ నోటి భాషకు తలుపు తీసే తాళంచెవి పీఠం దగ్గర ఉంటుంది.

ఇటువంటి సభ చెడిపోతే ఎలా ఉంటుందో చెప్పడానికి ఐరోపాలో ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1897లో ఆస్ట్రియా సామ్రాజ్య పార్లమెంటులో జర్మన్లు, చెక్కులు, పోలులు, ఉక్రేనియన్లు, ఇటాలియన్లు, ఇంకా ఎన్నో జాతులవారు కూర్చునేవారు. ఎవరి భాషలో వారు మాట్లాడవచ్చు. కాని అనువాదకులు లేరు, జర్మన్‌లో మాట్లాడినదే రికార్డులోకి ఎక్కుతుంది. బొహీమియా ఉద్యోగులకు చెక్, జర్మన్ భాషలు రెండూ రావాలని ప్రధాని బదేనీ ఉత్తర్వులిచ్చేసరికి జర్మన్ సభ్యులు సభను స్తంభింపజేశారు. లెహర్ అనే సభ్యుడు పన్నెండు గంటలపాటు ఏకధాటిగా మాట్లాడాడు. నవంబరు చివరివారంలో అధ్యక్షుడు అబ్రహామోవిచ్, ఎవరు లేచారో ఎవరు కూర్చున్నారో తెలియని గందరగోళంలోనే, సభ్యులను బయటికి పంపే అధికారం తనకిచ్చే నిబంధన నెగ్గిందని ప్రకటించాడు. మర్నాడు పోలీసులు సభలోకి వచ్చి సభ్యులను ఎత్తుకుపోయారు. రెండు రోజుల్లో బదేనీ పదవి పోయింది. అప్పుడు వియన్నాలో ఉండి ఇదంతా చూసి పత్రికకు వ్యాసం రాసినవాడు మార్క్ ట్వేన్. హాస్యరచయిత అని మనం చదువుకునే మనిషి పార్లమెంటు నిబంధనలను అంత శ్రద్ధగా గమనించడం మన రచయితలు గుర్తించదగ్గది.

వియన్నా చెప్పే పాఠం ఒక్కటే. బహుజాతుల సభలో సభాపతి తానొక పక్షమని తేలిన క్షణం నుంచి ఓట్ల లెక్కకు విలువ ఉండదు. ఓడినవాడు ఓటమిని ఒప్పుకోడు. ఆ తరువాత మాట్లాడేది లాఠీయే.

2

లోక్‌సభలో ఓటు జరిగే తీరు తెలియకుండా ఈ విషయం బోధపడదు. చర్చ ముగియగానే స్పీకరు ప్రశ్నను సభ ముందు పెడతారు. అనుకూలురు ఔననీ ప్రతికూలురు కాదనీ కేకవేస్తారు. ఏ కేక పెద్దదో స్పీకరు తన చెవితో నిర్ణయించి, ఫలానా పక్షం నెగ్గిందని 'అనుకుంటున్నాను' అంటారు. దీనినే మన పత్రికలు మూజువాణి ఓటు అంటాయి. ఆ 'అనుకుంటున్నాను' అన్న మాటలో సభాపతి వినయమూ ఉంది, అధికారమూ ఉంది. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆ అభిప్రాయమే తీర్పవుతుంది.

ఒక్క సభ్యుడు ఒప్పుకోకపోయినా డివిజన్ అడగవచ్చు. అప్పుడు లాబీలు ఖాళీ చేయిస్తారు. మూడున్నర నిమిషాలపాటు గంటలు మోగుతాయి. తలుపులు మూస్తారు. స్పీకరు ప్రశ్నను మళ్లీ చదువుతారు. సభ్యులు తమ స్థానాల్లో మీటలు నొక్కుతారు. ఔనంటే ఆకుపచ్చ, కాదంటే ఎరుపు, తటస్థమంటే పసుపు దీపం. మీట పనిచేయనివారు, తప్పు నొక్కినవారు చీటీ రాసిస్తారు. అందుకే తొలి లెక్కను స్పీకరు 'దిద్దుబాటుకు లోబడి' ప్రకటిస్తారు. డివిజన్ అనవసరంగా అడిగారని స్పీకరుకు తోస్తే సభ్యులను నిలబెట్టి తలలు లెక్కించవచ్చు. ఈ ప్రతి మెట్టులోనూ నిర్ణయం ఆయనదే.

ఇంత చేసే మనిషికి ఓటు లేదు. రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం స్పీకరు మొదటి విడత ఓటు వేయకూడదు. రెండు పక్షాలకూ ఓట్లు సమానమైతే మాత్రం నిర్ణాయక ఓటు వేయాలి. అమలాపురం ఓటర్లు ఎన్నుకున్న సభ్యుడు ఆ పీఠమెక్కినంతకాలం సమానమైన అరుదైన గడియలో తప్ప వారి తరఫున ఓటు వేయలేడు. ఆ అరుదైన గడియలో ఏం చేయాలన్నదానికి బ్రిటిష్ కామన్స్ సభలో డెనిసన్ అనే స్పీకరు పేరు మీద ఒక సంప్రదాయం ఉంది: సభలో ఆధిక్యం లేనిచోట సభాపతి తన ఓటుతో ఆధిక్యాన్ని సృష్టించరాదు. ఇది మన రాజ్యాంగంలో రాసి లేదు. కేవలం మర్యాద.

3

బాలయోగి స్పీకరు కావడం కూటమి రాజకీయాల లెక్క. ఇందులో దాచవలసినదేమీ లేదు. కాకినాడలో న్యాయవాది, 1985లో మేజిస్ట్రేటు ఉద్యోగం చేసి వదిలేసిన మనిషి, 1987లో తూర్పుగోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడు. 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్లి, 1996లో ఓడి, రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, 1998లో మళ్లీ నెగ్గారు. అప్పటి తెలుగుదేశం బలం పన్నెండు మంది. వాజపేయి ప్రభుత్వానికి ఆ పన్నెండు మంది మద్దతు అవసరం. మద్దతు బేరంలో స్పీకరు పదవి ఆ పార్టీకి దక్కింది. ప్రతిపక్షం గత స్పీకరు సంగ్మా పేరును ముందుకు తెచ్చింది. 46 ఏళ్ల వయసులో, ఢిల్లీకి పెద్దగా తెలియని మనిషి, అతిచిన్న వయసు స్పీకరుగా ఎన్నికయ్యారు.

పదవి బేరంలో వచ్చిందన్నది నిజం. ఆ పదవిలో మనిషి బేరసారాల ప్రకారమే నడిచాడా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు 1999 ఏప్రిల్ 17న వచ్చింది.

అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకున్నాక, రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ సూచన మేరకు వాజపేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానం పెట్టింది. సభలో ఒక అభ్యంతరం లేచింది. కోరాపుట్టు సభ్యుడు గిరిధర్ గమాంగ్ ఆ సంవత్సరం ఫిబ్రవరి 17 నుంచి ఒరిస్సా ముఖ్యమంత్రిగా ఉన్నారు. లోక్‌సభ సభ్యత్వానికి రాజీనామా చేయలేదు. శాసనసభకు ఇంకా ఎన్నిక కాలేదు. రాష్ట్రాన్ని ఏలుతున్నవాడు ఢిల్లీలో ఓటు వేయవచ్చా? వేయకూడదని ప్రభుత్వ పక్షం పట్టుబట్టింది. ఆ విషయాన్ని గమాంగ్ వివేకానికి, అంతరాత్మకు వదిలేస్తున్నానని బాలయోగి రూలింగ్ ఇచ్చారు. గమాంగ్ ఓటు వేశారు. లెక్క వచ్చింది: అనుకూలం 269, ప్రతికూలం 270. ప్రభుత్వం పడిపోయింది.

ఈ అంకెలను మన రచయితలు కాస్త నిదానంగా చదవాలి. స్పీకరు పార్టీ ప్రభుత్వాన్ని సమర్థిస్తున్న పార్టీ. ఆయన పీఠం మీద కాక మామూలు సభ్యుడిగా బెంచీలో ఉండి ఉంటే తన పార్టీతోపాటు ప్రభుత్వానికే ఓటు వేయవలసినవారు. గమాంగ్ ఓటును ఆయన ఆపి ఉంటే 269 - 269. అప్పుడు రాజ్యాంగమే నిర్ణాయక ఓటును ఆయన చేతిలో పెట్టేది. పార్టీ వైపు చూస్తే ప్రభుత్వం నిలిచేది. డెనిసన్ మర్యాద వైపు చూస్తే పడేది. ఆ పరీక్ష ఆయనకు రాలేదు. రూలింగ్ ఇచ్చేనాటికి ఆ లెక్క ఇలా వస్తుందని తెలిసే అవకాశమూ లేదు. కాని ఓటు ఇటో అటో అంగుళాల్లో తేలుతుందని సభలో ప్రతి ఒక్కరికీ తెలుసు. అలాంటి పూట తన పక్షానికి పనికివచ్చే నిషేధాన్ని ఆయన చేతులారా విధించలేదు. నా దృష్టిలో ఇదే బాలయోగి పదవీకాలంలో అతి ముఖ్యమైన నిమిషం.

4

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణకు జవాబు చెప్పాలి. 'అంతరాత్మకు వదిలేశాను' అనడం తీర్పా, తప్పించుకోవడమా? సభాపర్వం చదివిన తెలుగు విద్యార్థికి ఈ ప్రశ్న వెంటనే తడుతుంది. నిండుసభలో ద్రౌపది ఒక ప్రశ్న వేసింది: తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా? అది అచ్చంగా సభానిబంధనకు సంబంధించిన ప్రశ్న. పణం పెట్టే అర్హత పోయినవాడు పెట్టిన పణం చెల్లుతుందా అన్నది దాని సారం. పెద్దలు తలలు వంచుకున్నారు. ధర్మం సూక్ష్మమన్నాడు భీష్ముడు. ప్రశ్నకు జవాబివ్వని సభ్యులకు పాపంలో వాటా ఉంటుందని ప్రహ్లాదుడి కథ చెప్పి మరీ హెచ్చరించాడు విదురుడు. ఆ లెక్కన బాలయోగిది భీష్ముడి మౌనమేనని అనేవారున్నారు.

నేనలా అనుకోను. రెండు సందర్భాలకూ మౌలికమైన తేడా ఉంది. భీష్ముడికి చెప్పే అధికారం ఉంది, చెప్పలేదు. బాలయోగికి గమాంగ్‌ను ఆపే అధికారం చట్టంలో ఎక్కడా లేదు. 101వ అధికరణం నిషేధించేది పార్లమెంటులోనూ శాసనసభలోనూ ఏకకాలంలో సభ్యుడిగా ఉండడాన్ని. గమాంగ్ శాసనసభ్యుడు కాలేదు. ఏ సభలోనూ లేనివాడు సైతం ఆరు నెలలు మంత్రిగా ఉండవచ్చని 164వ అధికరణం చెబుతోంది. కాబట్టి ఆ రోజు ఆయన అన్నివిధాలా లోక్‌సభ సభ్యుడే. సభ్యుడి ఓటును ఔచిత్యం పేరుతో రద్దుచేసే హక్కు పీఠానికి లేదు. లేని అధికారాన్ని తెచ్చుకోకపోవడాన్ని పిరికితనం అనలేం. ఔచిత్యం ప్రశ్న మిగిలే ఉంది. దానికి జవాబు చెప్పవలసినవారు గమాంగ్, ఆయన పార్టీ. బాలయోగి ఆ బరువును అది మోయవలసినవారి భుజం మీదనే ఉంచారు.

మరొక అన్యాయాన్ని కూడా చెప్పుకోవాలి. ప్రభుత్వాన్ని పడగొట్టిన 'ఆ ఒక్క ఓటు' గమాంగ్‌దేనని లోకం ముద్ర వేసింది. 270 మందిలో ప్రతి ఒక్కరిదీ ఆ ఒక్క ఓటే. తన పార్టీ ఆదేశాన్ని ధిక్కరించి వ్యతిరేకంగా ఓటు వేసిన కాశ్మీరు సభ్యుడు సైఫుద్దీన్ సోజ్‌ను ఆ పార్టీ బహిష్కరించింది. ఆ ఓటు లేకపోయినా కథ మారేదే. అయినా వేలు ఎక్కువగా చూపింది కొండ మనిషి వైపే. గమాంగ్ సవర. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో కూర్చుని ఏ భాషకు నిఘంటువు కూర్చారో ఆ భాషాజాతి బిడ్డ. తీరప్రాంత దళితుడు అధ్యక్షత వహించిన సభలో ఒక సవర సభ్యుడి ఓటు చెల్లుతుందా అని దేశం ఊపిరి బిగబట్టిన రోజది. రాష్ట్రపతి భవనంలో ఉన్న నారాయణన్ కూడా దళితుడే. మన నవలాకారులకు ఇంతకంటె పెద్ద వస్తువు ఏం కావాలి?

ఆ తరువాత జరిగిందే అసలైన తీర్పు. 1999 ఎన్నికల్లో వాజపేయి కూటమి ఆధిక్యంతో తిరిగి వచ్చింది. ఆ ఓటు ఆపలేదని ఏ పక్షం నొచ్చుకుందో ఆ పక్షమే అక్టోబరు 22న బాలయోగిని మళ్లీ పీఠమెక్కించింది. ఈసారి ఎన్నిక ఏకగ్రీవం.

5

ఇంతచెప్పి ఆయన కాలాన్ని స్వర్ణయుగమంటే విమర్శ కాదు, భజన అవుతుంది. 1998 జూలైలో మహిళా రిజర్వేషన్ బిల్లు ప్రతులను ఆయన ఎదుటే చించి పారేశారు. సభాపతి గొంతు ఆ రోజు ఎవరికీ వినబడలేదు. ఆ కోరిక చట్టసభ గడప దాటడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 2023 సెప్టెంబరు 20న 454 - 2 ఓట్లతో లోక్‌సభలో నెగ్గింది.

సభలో క్రమశిక్షణ కోసం బాలయోగి చేసిన ప్రయత్నాల్లో రెండు ముఖాలున్నాయి. 2000లో లోక్‌సభకు మొదటిసారిగా నైతిక విలువల సంఘాన్ని నియమించారు. 2001 నవంబరులో దేశంలోని సభాపతులను, ముఖ్యమంత్రులను, పార్టీల నాయకులను పిలిచి సభామర్యాద మీద సమావేశం జరిపారు. అదే సంవత్సరం డిసెంబరు 5న 374-ఎ నిబంధన వచ్చింది. అంతకుముందు సభ్యుణ్ని సస్పెండ్ చేయాలంటే సభ తీర్మానించాలి. కొత్త నిబంధనతో, సభామధ్యంలోకి దూసుకువచ్చి ఆటంకపరిచే సభ్యుడి పేరును స్పీకరు చదివితే చాలు, సభ వరుసగా ఐదుసార్లు కూర్చునేదాకా, లేదా ఆ సమావేశాలు ముగిసేదాకా, ఏది తక్కువైతే అంతకాలం అతను సస్పెండయిపోతాడు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఒక ఓటును కాపాడిన పీఠమే మరొకచోట సభ ఓటు అక్కరలేని అధికారాన్ని పొందింది. వియన్నా నీడ ఇక్కడ సన్నగా పడుతోంది.

ఆ నిబంధన తిరిగి మన తెలుగువారి మీదికే వచ్చింది. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే చల్లిన సంఘటన తరువాత ఆంధ్రప్రదేశ్ సభ్యులను దాని కిందనే సస్పెండ్ చేశారు. ఫిబ్రవరి 18న, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సభలో, రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. తెలంగాణ ఆకాంక్ష న్యాయమైనదని నమ్మేవారిలో నేనొకణ్ని. అందుకే మరింత గట్టిగా చెబుతున్నాను: న్యాయమైన బిల్లుకు లెక్కంటే భయమెందుకు? 1999లో ఓడినవాడు ఓటమిని ఒప్పుకున్నాడు, ఎందుకంటే అంకె కళ్లముందుంది. 2014లో ఓడినవాడికి చూపడానికి అంకె లేదు. ఆ లోటు వల్లనే ఇరుపక్కలా మనసుల్లో ముల్లు ఇంకా మిగిలింది.

పీఠానికీ పార్టీకీ మధ్య గీత ఎక్కడన్న ప్రశ్న కూడా ఇంకా తేలలేదు. 1967లో స్పీకరైన నీలం సంజీవరెడ్డి తన పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆయనకు ముందు 1956 నుంచి 1962 దాకా ఆ పీఠం మీద ఉన్న మాడభూషి అనంతశయనం అయ్యంగారు కూడా మనవారే. సంజీవరెడ్డి దారిని తరువాతి స్పీకర్లు సంప్రదాయంగా తీసుకోలేదు. 2008 జూలైలో విశ్వాస తీర్మానానికి ముందు పీఠం దిగిపొమ్మన్న పార్టీ మాట వినలేదని సోమనాథ్ చటర్జీని సీపీఎం బహిష్కరించింది. పార్టీ నిర్మాణానికి క్రమశిక్షణ ప్రాణమని నమ్మే మనం ఈ సంఘటనను మొహమాటం లేకుండా చర్చించాలి. సభాపతి ఏ పార్టీ సైనికుడూ కాడని 1999లో మెచ్చుకున్నవారు 2008లో మాట మార్చకూడదు. సూత్రం మనకు నష్టం చేసినప్పుడు కూడా నిలబడితేనే సూత్రం.

6

చివరిగా కోనసీమ సంగతి. ఒక దళితుడు దేశంలోకెల్లా పెద్ద సభను నాలుగేళ్లు నడిపినంత మాత్రాన ఆయన పుట్టిన సీమలో కులం నడక మారలేదు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన రాగానే మే 24న అమలాపురం అట్టుడికిపోయింది. మంత్రి ఇల్లు, శాసనసభ్యుని ఇల్లు తగులబెట్టారు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'గుడిసెలు కాలిపోతున్నాయి' రాసి 1975లో సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. ఆ పేరు పాతబడలేదని ఆ సాయంత్రం మా సీమ ఋజువు చేసింది. ఏ రాజ్యాంగ పీఠం మీద బాలయోగి కూర్చున్నారో ఆ రాజ్యాంగ రచనకు నాయకత్వం వహించిన మనిషి పేరు మీద అంత మంట రేగింది.

అలాగని ఆ పీఠం వ్యర్థమనే నిర్ణయానికి రాకూడదు. పీఠం చేయగలిగిన పని పీఠం చేసింది. మిగతాది ఊళ్లో చేయవలసిన పని. బాలయోగి 50 ఏళ్ల వయసులో, అప్పటి కృష్ణా జిల్లా కైకలూరు సమీపంలో హెలికాప్టర్ కూలి మరణించారు. ఆయన మీద స్మృతిగీతాలు వచ్చాయి. ఇప్పుడు కావలసింది సభాచర్చల రికార్డులు చదివే రచయితలు. ఉపన్యాసం చేసేవాణ్ని మన సాహిత్యం ఎన్నో విధాల చిత్రించింది, గిరీశం మొదలుకొని. ఉపన్యాసాలన్నీ విని, తన మాట మింగి, ఎదుటివాడి ఓటును సరిగ్గా లెక్కపెట్టే మనిషి మన కథల్లోకి ఇంకా రాలేదు. పరిశోధక విద్యార్థులు ఒక్క 1999 ఏప్రిల్ 17 నాటి సభాకార్యక్రమాన్ని ముందు పెట్టుకుని పని మొదలుపెట్టినా, పార్లమెంటును తిట్టడానికీ పొగడడానికీ మధ్య ఉన్న పెద్ద ఖాళీ కొంత పూడుతుంది.